కొండని మైక్రోస్కోపులో చూసినవాళ్ళు

కొండని చూడాలంటే ఏం చేస్తాం? దూరం జరుగుతాం. ఏడుకొండలూ కనబడాలంటే రేణిగుంట వైపు నుంచి చూడాలి గానీ, అలిపిరి మొదటి మెట్టుకి ముక్కు ఆనించి నించుంటే ఏం కనబడుతుంది? 1849 ప్రాంతంలో ఇంగ్లండులోని షెఫీల్డ్ అనే ఊళ్ళో ఒకాయన సరిగ్గా ఆ రెండో పనే చేశాడు. ఆయన పేరు హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ. ఉద్యోగం చెయ్యక్కర్లేనంత ఆస్తి, బోలెడు తీరిక, ఇంట్లోనే ప్రయోగశాల. రాతి ముక్కని వెలుగు పారేటంత పల్చగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. తోటివాళ్ళు నవ్వారట. కొండల్ని మైక్రోస్కోపుతో చూడటం పద్ధతి కాదని ఆల్ప్స్ పర్వతాలని కాచి వడబోసిన సొస్యూర్ అంతటివాడే అన్నాడు కదా, నువ్వేంటయ్యా మధ్యలో అని. సోర్బీయే పెద్దయ్యాక ఈ సంగతి తలుచుకున్నాడు.

ఆ నవ్వినవాళ్ళకి జవాబు దొరకడానికి ముప్ఫై అయిదేళ్ళు పట్టింది. అది దొరికిన చోటు స్కాట్లాండ్ వాయవ్య మూల. దాని వెనక ఒక పెద్ద తగాదా ఉంది, ఓడిపోయాననుకుంటూనే చనిపోయిన ఒక మేష్టారు ఉన్నారు. ఆ కథ చెప్పాలనే ఇదంతా.

నేను చదివింది కంప్యూటర్ సైన్సు. పదో తరగతి తర్వాత రాళ్ళ జోలికి పోలేదు. అబర్దీన్‌లో చమురు తవ్వేవాళ్ళకి సాఫ్ట్‌వేర్ రాయడానికి వచ్చాక, చుట్టూ అందరూ జియాలజిస్టులే కావడంతో తప్పలేదు. ఒకాయన తన బల్ల మీదున్న గాజు పలక ఒకటి చూపించి "దీని మీద రాయుంది, కనబడుతోందా?" అన్నాడు. ఏదో మరకలా ఉంది తప్ప రాయేం కనబడలేదు. మైక్రోస్కోపు కింద పెట్టాక కనబడింది. రంగురంగుల అతుకుల బొంత! అప్పట్నుంచీ ఈ పిచ్చి పట్టుకుంది.

ఆ గాజు పలక మీదున్న రాయి మందం 0.03 మిల్లీమీటర్లు, అంటే మన ప్రింటర్ కాగితంలో మూడో వంతు. ఎంత నల్లటి రాయైనా అంత పల్చనయ్యేసరికి అందులో చాలా భాగం గాజులాగే ఉంటుంది. అయితే అన్నీ గాజులా ఉంటే దేన్ని దేన్నుంచి వేరు చెయ్యడం? ఇక్కడ ఎడిన్‌బరోకి చెందిన విలియం నికోల్ అనే ఇంకో పెద్దమనిషి సాయపడ్డాడు. 1828లో ఈయన ఒక పారదర్శకమైన కాల్సైట్ స్ఫటికాన్ని ఏటవాలుగా కోసి, మళ్ళీ జిగురుతో అతికించి, వెలుగుని ఒకే దిశలో కంపించేలా వడగట్టే పట్టకం చేశాడు. అలాంటివి రెండు తీసుకుని ఒకదానికొకటి అడ్డంగా పెడితే వెలుగు పూర్తిగా ఆగిపోతుంది, చీకటి. ఆ రెండింటి మధ్య రాతి పొర పెడితే మాత్రం స్ఫటికాలు వెలుగుని మెలితిప్పి పైకి పంపుతాయి. రాతిని గుండ్రంగా తిప్పుతూ పోతే ఒక్కో రేణువూ ఒక చుట్టులో నాలుగుసార్లు వెలిగి నాలుగుసార్లు ఆరుతుంది. (ఈ కథలో ఇద్దరు నికోల్‌లు ఉన్నారు. పట్టకం నికోల్ ఈయన. ఇంకొకాయన కాసేపట్లో వస్తాడు. చుట్టరికం వెతక్కండి.)

అసలు కిటుకంతా ఈ వెలిగి ఆరడంలోనే ఉంది. ఒత్తిడి ఎరగని క్వార్ట్జ్ రేణువు స్విచ్ కట్టేసినట్టు మొత్తం ఒక్కసారే ఆరుతుంది. నలిగిన క్వార్ట్జ్ అలా కాదు. స్ఫటికం లోపలే వంగిపోయి ఉంటుంది కాబట్టి, మబ్బు నీడ పొలం మీద పాకినట్టు చీకటి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పాకుతుంది. కంటికి రెండూ ఒకే రకం తెల్లరాయి. ఒకటి హాయిగా పెరిగింది, రెండోది కష్టాలు పడింది.

రాతిని అడగాల్సిన ప్రశ్నల్లో ముఖ్యమైనది ఇది: నువ్వు కరిగి పుట్టావా, నలిగి మారావా? శిలాద్రవం నెమ్మదిగా చల్లబడి గట్టిపడితే స్ఫటికాలు తీరిగ్గా, చుట్టూ ద్రవం ఉంది కాబట్టి తమ సహజమైన ముఖాలతో పెరుగుతాయి. ముందు పుట్టినదానికి మంచి ఆకారం వస్తుంది, ఆలస్యంగా వచ్చినవి మిగిలిన సందుల్లో సర్దుకుంటాయి. మన జనరల్ కంపార్టుమెంటు లాగే. ఒంగోలు పక్కనున్న చీమకుర్తి నల్లరాయి మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడి ఇళ్ళల్లో వంటగది గట్ల మీద "బ్లాక్ గెలాక్సీ" పేరుతో కనబడుతుంది. అమ్మేవాళ్ళు గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో జాతి రాయి, భూమి లోపల శిలాద్రవం నింపాదిగా గడ్డకట్టగా వచ్చినది. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రోంజైట్ అనే ఖనిజం. కరిగి పుట్టిన రాయి ఎలా ఉంటుందో చూడాలంటే ఉల్లిపాయలు కోసేటప్పుడు ఓసారి కిందకి చూడండి చాలు.

నలిగిన రాయి తీరు వేరు. కొండలు పుట్టేటప్పుడు, అంటే భూమి పైపొర ముక్కలు రెండు ఢీకొని ఒకదాని మీదకి ఒకటి ఎక్కేటప్పుడు, రాళ్ళు వేడెక్కుతాయి, సాగుతాయి, చదునవుతాయి. పాత రేణువులు చితికి కొత్తవి పుడతాయి. అభ్రకం రేకులన్నీ ఒకే వైపుకి వాలతాయి. అలా వాలడం చూడగానే "ఇది నీళ్ళల్లో పొరలు పొరలుగా పేరుకున్న మట్టి" అనిపిస్తుంది. మనకే కాదు, 19వ శతాబ్దంలో పెద్ద పెద్దవాళ్ళకీ అలాగే అనిపించింది. తగాదా మొదలైంది అక్కడే.

స్కాట్లాండ్ వాయవ్య తీరంలో, డర్నెస్ చుట్టుపక్కల్నుంచి స్కై దీవి వరకు దాదాపు 200 కిలోమీటర్ల పొడవున ఒక విచిత్రం ఉంది. పడమటి నుంచి తూర్పుకి నడుస్తుంటే ఒక్కో రాతి పొర తర్వాతి పొర కిందకి దూరుతూ కనబడుతుంది. అన్నిటికన్నా అడుగున ముసలి నీస్ రాయి, దాని మీద ఎర్ర ఇసుకరాయి, దాని మీద తెల్లటి క్వార్ట్జైటు, ఆ పైన సున్నపురాయి. ఇంతవరకూ గొడవ లేదు. సున్నపురాయి పైన మాత్రం నల్లగా మెరిసే షిస్ట్ రాయి ఉంటుంది, మళ్ళీ అడుగున ఉండే రాళ్ళ లాగే స్ఫటికాలతో, వేడికి ఉడికిన లక్షణాలతో. కింది సున్నపురాయిలో ఆల్చిప్పల ఆకారాలు చెక్కుచెదరకుండా ఉంటే, మీదున్న రాయి ఉడికిపోవడమేంటి? అట్టు అడుగున పచ్చిగా ఉండి పైన మాడినట్టు!

1854లో చార్లెస్ పీచ్ అనే కస్టమ్స్ ఉద్యోగి డర్నెస్ సున్నపురాయిలో శిలాజాలు కనిపెట్టాడు. (ఈ పేరు గుర్తుంచుకోండి.) దాంతో సర్ రోడరిక్ మర్చిసన్ రంగంలోకి దిగాడు. కుర్రతనంలో నెపోలియన్ కాలపు యుద్ధాల్లో పోరాడిన సైనికుడు, సైలూరియన్ అనే యుగానికి పేరు పెట్టినవాడు, 1855 నుంచి బ్రిటిష్ జియలాజికల్ సర్వేకి అధిపతి. ఆయన లెక్క తేలికైనది. శిలాజాలు సైలూరియన్ కాలానివి. దాని మీదున్నవి అంతకన్నా చిన్నవే అవ్వాలి కదా. అంటే ఉత్తర స్కాట్లాండ్‌లో ఉన్న షిస్ట్ రాయంతా సైలూరియనే. పటంలో తన రంగు తనే పులుముకున్నాడన్నమాట. భూగోళంలో తన సామ్రాజ్యం అలా పెరుగుతుంటే ఎవరికి చేదు?

ఆయనతో పాటు 1855లో ఆ ప్రాంతం తిరిగినవాడు జేమ్స్ నికోల్, అబర్దీన్ యూనివర్సిటీలో ప్రొఫెసరు. మన రెండో నికోల్ ఈయనే. మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూశాక ఈయనకి లెక్క కుదరలేదు. 1860, 61 నాటికి తెగించి చెప్పేశాడు: ఆ పైనున్న షిస్ట్ చిన్నది కాదు, ముసలిదే. మధ్యలో ఒక పెద్ద పగులుంది, దాని వెంట అడుగునున్న ముసలి రాయి పైకొచ్చింది. సాక్ష్యంగా ఆ పగులు వెంట అక్కడక్కడా కనబడే ఒక రకం రాయిని చూపించాడు. అది శిలాద్రవం పగుల్లోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన రాయి అన్నాడు. పగులు ఉందన్నది నిజం. శిలాద్రవం అన్నది మాత్రం కాదు. ఆ రాయి అడుగునున్న ముసలి నీస్ ముక్కే, చితికి చితికి గుర్తుపట్టలేనట్టు తయారైంది. కరిగి పుట్టిందో నలిగి మారిందో ఉత్త కంటితో చెప్పడం అంత కష్టం. ఆయన చేతిలో సుత్తి ఉంది గానీ, సోర్బీ గాజు పలకలు ఇంకా స్కాట్లాండ్ కొండల దాకా రాలేదు.

మర్చిసన్ ఊరుకుంటాడా? ఆర్చిబాల్డ్ గీకీ అనే చురుకైన కుర్రాణ్ణి వెంటబెట్టుకుని 1860లో మళ్ళీ తిరిగొచ్చాడు, ఇద్దరూ కలిసి వ్యాసం రాశారు, నికోల్ మాట అక్కడితో మూతబడింది. తర్వాత మర్చిసన్ ఎడిన్‌బరో యూనివర్సిటీలో జియాలజీ పీఠానికి డబ్బిచ్చాడు. 1871లో అందులో కూర్చున్న మొదటి ప్రొఫెసరు గీకీయే. 1882లో సర్వే అధిపతి కూడా ఆయనే అయ్యాడు. ఆఫీసు రాజకీయాలు ఎరిగినవాళ్ళకి ఇంతకన్నా వివరించక్కర్లేదు. మర్చిసన్ 1871లో గెలుపుతోనే పోయాడు. జేమ్స్ నికోల్ 1879లో పోయాడు, సర్వే పటాల ప్రకారం తప్పు చెప్పినవాడిగానే.

నన్నడిగితే మర్చిసన్‌ని ఉత్త పొగరుబోతుగా తీసిపారెయ్యడం కూడా సరికాదు. పైనున్నది చిన్నది, కిందున్నది పెద్దది అన్నది జియాలజీకి ఎక్కాల పుస్తకం లాంటిది. దాన్ని కాదనాలంటే, కిలోమీటర్ల కొద్దీ మందమున్న రాతి దుప్పటి ఒకటి మైళ్ళకి మైళ్ళు అడ్డంగా జరిగొచ్చి చిన్నదాని మీద కూర్చుందని చెప్పాలి. నికోల్ కూడా అంత దూరం పోలేదు, ఏటవాలు పగులు దగ్గర ఆగాడు. తోసింది ఎవరు, ఎందుకు అంటే 1860లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఈ లోపు సోర్బీ గారి అద్దాలు నెమ్మదిగా ప్రయాణం చేశాయి. ఆయన 1853లోనే ఇంటి కప్పులకి వాడే పలక రాయి పొరలుగా ఎందుకు చీలుతుందో తేల్చాడు. పొరల్లా పేరుకున్నందుకు కాదు, నొక్కుడు పడి అందులోని అభ్రకం రేకులు ఒక దిశకి తిరిగినందుకు. నమ్మనివాళ్ళ కోసం మెత్తటి మట్టిలో ఇనుప ఆక్సైడు రేకులు కలిపి నొక్కి, అవి కూడా అలాగే తిరుగుతాయని చూపించాడు. 1860ల మొదట్లో రైన్ నది ఒడ్డున ఫెర్డినాండ్ జిర్కెల్ అనే జర్మన్ కుర్రాడికి ఈ విద్య అంటించాడు. జర్మనీలో అది పెద్ద శాస్త్రమై ఇంగ్లండుకి తిరిగొచ్చింది. పొరుగూరి పెరట్లో కాస్తే గానీ మన చెట్టు విలువ మనకి తెలియదు, అక్కడా అంతే.

1880 నాటికి తగాదా మళ్ళీ రాజుకుంది. చార్ల్స్ కాలవే అనే ఆయన కొండలెక్కి పటాలు గీస్తే, ఆయన తెచ్చిన రాళ్ళని బోనీ అనే ప్రొఫెసరు మైక్రోస్కోపులో చూసి పెట్టాడు. కానీ అసలు చిక్కుముడి విప్పింది చార్ల్స్ లాప్‌వర్త్. ఈయన చాలా కాలం దక్షిణ స్కాట్లాండ్‌లో గాలాషీల్స్ అనే ఊళ్ళో బడిపంతులు. సెలవుల్లో గ్రాప్టొలైట్లనే బుల్లి శిలాజాలని అంగుళం అంగుళం వెతికి, అక్కడి కొండల మందమంతా పొరలు మడతలు పడి మళ్ళీ మళ్ళీ రావడం వల్లేనని తేల్చాడు. ఆ అంగుళాల పద్ధతినే 1882, 83 వేసవుల్లో ఉత్తరాన ఎరిబోల్ ప్రాంతానికి పట్టుకెళ్ళాడు. కొండ మొత్తాన్ని దూరం నుంచి చూసి తీర్పు చెప్పే దొరగారి పద్ధతి కాదు.

ఆయన చూసింది ఇది. పైనున్న షిస్ట్‌కీ కింద ఉన్న రాళ్ళకీ మధ్య సన్నటి చారలతో పలకలా చీలే రాయి ఒకటుంది. దూరానికి పేరుకున్న పొరల్లాగే ఉంటుంది. మైక్రోస్కోపులో చూస్తే చారలన్నీ నలుగుడు చారలు! ముసలి నీస్‌లోని ఫెల్డ్‌స్పార్ గింజలు అక్కడక్కడా కన్నుల్లా మిగిలి ఉన్నాయి. వాటి చుట్టూ మిగతాదంతా మెత్తటి పొడిలా అయిపోయి, ఏటి రాళ్ళ చుట్టూ నీళ్ళు పారినట్టు పారింది. పొరల్ని పేర్చింది సముద్రం కాదు, పైనుంచి జరిగొచ్చిన బరువు. 1885లో నేచర్ పత్రికలో లాప్‌వర్త్ దీనికి మైలొనైట్ అని పేరు పెట్టాడు. గ్రీకులో మైలోన్ అంటే తిరగలి. భూమి విసిరిన పిండి అన్నమాట.

ఆ పని ఆయన్ని కూడా నలిపేసింది. 1883లో మనిషి మంచాన పడ్డాడు. రాత్రిళ్ళు ఆ మహా శిలాఫలకం కరకరలాడుతూ తన మీద నుంచి జరుగుతున్నట్టు అనిపించేదని చెబుతారు. ప్రొడక్షన్ సర్వరు కలలోకొచ్చే మన బాధ దీని ముందు ఏపాటిది?

ఇక గీకీ సంగతి. లాప్‌వర్త్, కాలవేల మాటలకి బదులివ్వాలని 1883లో సర్వే తరఫున తన మేటి మనుషులని పంపించాడు. వాళ్ళు బెన్ పీచ్, జాన్ హార్న్. బెన్ పీచ్ ఎవరనుకున్నారు? శిలాజాలు కనిపెట్టిన ఆ కస్టమ్స్ ఉద్యోగి కొడుకే! పీచ్ బొమ్మలేసే చెయ్యి, కొండని చూడగానే లోపలి ఆకారం ఊహించగల కన్ను. హార్న్ ఆచితూచి రాసే మనిషి. అధిపతి గారి సిద్ధాంతాన్ని నిలబెట్టడానికి వెళ్ళిన ఇద్దరూ అది నిలబడదని తేల్చారు. గీకీ 1884లో స్వయంగా వెళ్ళి చూసి, ఆ నవంబరులో నేచర్‌లోనే మర్చిసన్ మాట, తన మాట తప్పని ఒప్పుకున్నాడు. ఆ తలానికి "థ్రస్ట్" అన్న పేరు పెట్టాడు. ఇరవైమూడేళ్ళు మోసిన అబద్ధాన్ని బహిరంగంగా దించడం చిన్న విషయం కాదు. కాకపోతే అది నికోల్ పోయిన అయిదేళ్ళకి, లాప్‌వర్త్ రాసేసిన తర్వాతి ఏడాదికి జరిగింది.

హెన్రీ కాడెల్ అనే ఇంకో సర్వే మనిషి 1887లో ఒక పెట్టెలో ఇసుక, మట్టి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొరలు వేసి ఒక పక్క నుంచి తోసి చూశాడు. పొరలు తెగి ఒకదాని మీదకి ఒకటి ఎక్కాయి, అచ్చం ఆ కొండల్లాగే. పీచ్, హార్న్, వాళ్ళ తోటివాళ్ళ పని మొత్తం 1907లో ఒక బృహత్ గ్రంథంగా వచ్చింది. పెద్ద థ్రస్ట్ వెంట కనీసం పది మైళ్ళు జరిగిందని తేల్చారు. తర్వాతివాళ్ళు ఆ అంకెని ఇంకా పెంచారే గానీ తగ్గించలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన రాయి దగ్గరకొద్దాం. అదే తీరంలో, కానీ ఈ థ్రస్ట్‌కి పడమర, స్కౌరీ అనే చిన్న ఊరుంది. అక్కడి ముసలి నీస్‌ని చీల్చుకుంటూ నల్లటి గోడలాంటి డైక్‌లు ఉంటాయి, పగుళ్ళలోకి శిలాద్రవం ఎక్కి గట్టిపడినవి. 1885లోనే జెత్రో టీల్ వాటిలో ఒకదాన్ని నడిమి నుంచి అంచు దాకా ముక్కలు ముక్కలుగా కోసి చూశాడు. నడిమిన శుభ్రమైన డోలరైట్: సన్నటి ఫెల్డ్‌స్పార్ పుల్లలు, వాటి సందుల్లో పైరాక్సీన్, అంతా కరిగి పుట్టిన లక్షణాలే. అంచుకి పోతుంటే పైరాక్సీన్ పోయి హార్న్‌బ్లెండ్ వస్తుంది, ఫెల్డ్‌స్పార్ పుల్లలు చెదిరిపోతాయి, రేణువులన్నీ ఒక వైపుకి వాలతాయి. అంచు చేరేసరికి అది షిస్ట్! రసాయన విశ్లేషణ చేయిస్తే రెండు కొసలూ దాదాపు ఒకటే పదార్థం.

ఇదెందుకు గొప్ప? షిస్ట్ అంటే మట్టి పొరలు ఉడికినదే అన్న నమ్మకం ఆ ఒక్క డైక్‌తో కూలింది. మా భాషలో చెప్పాలంటే, కొత్త కోడ్ రాసినవాడు పాతదాన్ని చెరిపెయ్యకుండా కామెంట్లలో వదిలేశాడు. నడిమిన పాత వెర్షను, అంచున కొత్త వెర్షను, మధ్యలో మార్పులన్నీ వరసగా. ఏది ముందు ఏది వెనక అని వేరే ఎవర్నీ అడగక్కర్లేదు: ముందు కరిగింది, తర్వాత నలిగింది.

1951లో జాన్ సటన్, జానెట్ వాట్సన్ అనే దంపతులు ఈ డైక్‌లనే గడియారంగా వాడుకున్నారు. డైక్ కోసుకుపోయిన మడతలు దానికన్నా ముందువి, డైక్‌ని కూడా నలిపిన మడతలు తర్వాతవి. అలా ఆ ముసలి నీస్‌లో ఒక కొండల పుట్టుక కాదు, రెండు వేరు వేరు కాలాలవి ఉన్నాయని విడదీశారు. (జానెట్ వాట్సన్ 1982లో లండన్ జియలాజికల్ సొసైటీకి మొదటి మహిళా అధ్యక్షురాలయ్యారు.) ఆ డైక్‌ల కుటుంబంలో ఎక్కువ వాటి వయసు సుమారు 240 కోట్ల ఏళ్ళని ఇప్పుడు తెలుసు. అంటే మన తగాదా థ్రస్ట్‌కి వీటికీ సంబంధం లేదు, అది వీటి ముందు పసిపిల్ల.

లాప్‌వర్త్ పెట్టిన పేరు విషయంలో ఒక కొసమెరుపు ఉంది. తిరగలి అన్నాడు కదా, రాయి విరిగి పొడైందని ఆయన అనుకున్నాడు. తొంభై ఏళ్ళ పాటు చాలామంది అలాగే అనుకున్నారు. 1973లో బెల్, ఎథరిడ్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మైలొనైట్ సూక్ష్మ నిర్మాణాన్ని మళ్ళీ పరిశీలించి, ఇందులో విరగడం తక్కువ, సాగడం ఎక్కువ అన్నారు. క్వార్ట్జ్ దాదాపు 300 డిగ్రీల వేడి దాటితే కరగకుండానే సాగగలదు. స్ఫటికం లోపల అణువుల వరసల్లో ఉండే లోపాలు ఒక్కో మెట్టూ జరుగుతూ పోతాయి. అవి ఒక చోట గుమికూడి గోడలు కడతాయి, పెద్ద రేణువు చిన్న గదులుగా విడిపోతుంది, ఆ గదులే కొత్త రేణువులవుతాయి. ఫెల్డ్‌స్పార్‌కి ఆ వేడి చాలదు, అందుకే అది కన్నులా మొండిగా మిగులుతుంది. కాబట్టి పోలిక తిరగలి కాదు, జీళ్ళ పాకం. వేడి వేడి బెల్లం పాకాన్ని మేకుకి తగిలించి లాగుతుంటే సాగి సాగి తెల్లబడుతుంది చూడండి, అలాగ. జీడిపప్పు పలుకులు మాత్రం సాగవు.

తమాషా ఏమిటంటే, స్ఫటికం అలా సాగుతుందన్న సిద్ధాంతం రాళ్ళ దగ్గర పుట్టలేదు, లోహాల దగ్గర పుట్టింది. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ ముగ్గురూ విడివిడిగా అది చెప్పారు. లోహాన్ని మెరుగుపెట్టి మైక్రోస్కోపులో చూడడం మొదలెట్టిన వాళ్ళలో ఆద్యుడెవరు? 1860లలో మన సోర్బీయే! ఉక్కు ఊరివాడు, రాతి మీద నేర్చిన విద్యని ఉక్కు మీద ప్రయోగించాడు. చాలా ఏళ్ళ తర్వాత ఉక్కు నుంచి అది మళ్ళీ రాతి దగ్గరకొచ్చింది.

ఈ రోజుల్లో కళ్ళు చికిలించి రేణువు ఎప్పుడు ఆరుతుందా అని చూడక్కర్లేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఒక్కో చుక్క దగ్గరా స్ఫటికం ఎటు తిరిగుందో కొలిచి లక్షల అంకెలు పడేస్తుంది. వాటిని బొమ్మలుగా మార్చే ప్రోగ్రాముల్లో ఎమ్‌టెక్స్ అని ఉచితంగా దొరికేదొకటి ఉంది, సరదాగా కోడ్ చదువుకోవచ్చు. అయినా జియాలజిస్టులు ఇప్పటికీ ముందు పాత మైక్రోస్కోపు దగ్గరకే పోతారు.

శిలాద్రవం ఎప్పుడొచ్చింది, కొండ ఎప్పుడు జరిగింది అన్న రెండిటినీ ఒకే రాయిలో ముడివేసే చోటు అసింట్ ప్రాంతంలో ఉంది, లోక్ బొరాలన్. థ్రస్ట్‌లు కదులుతున్న కాలంలోనే అక్కడ శిలాద్రవం పైకొచ్చింది. 1892లో హార్న్, టీల్ వర్ణించిన బోరోలనైట్ అనే నల్లరాయి అక్కడిదే. నలుపు మీద తెల్లటి మచ్చలుంటాయి. ఒకప్పుడు లూసైట్ అనే, దాదాపు బంతిలా ఉండే స్ఫటికాలు అవి. తర్వాత లోపలి పదార్థం మారినా ఆకారం మిగిలింది. కొన్నిచోట్ల మచ్చలు గుండ్రంగానే ఉన్నాయి. కొన్నిచోట్ల వేలితో అదిమిన అప్పడాల పిండి ఉండల్లా చదునయ్యాయి. అంటే గట్టిపడిన తర్వాత కూడా నలిగింది. ఈ చుట్టుపక్కల శిలాద్రవపు రాళ్ళల్లో జిర్కాన్ అనే గింజలుంటాయి, లోపల చెట్టు మానులో లాగా వలయాలతో. వాటిలో యురేనియం ఎంత సీసంగా మారిందో లెక్కకడితే వయసు సుమారు 43 కోట్ల ఏళ్ళు. థ్రస్ట్ కదలికల్లో చాలా భాగం ఆ దరిదాపుల్లోనే జరిగిందని అలా తెలిసింది. మర్చిసన్ పటానికి పులిమిన సైలూరియన్ రంగు రాళ్ళ వయసుగా తప్పు. కానీ ఆ రాళ్ళు జరిగిన కాలం మాత్రం ఇప్పటి లెక్కలో సైలూరియన్ యుగమే! ముసలాయన వింటే ఏమనేవాడో.

ఎప్పుడైనా ఇటు వస్తే, ఉల్లాపూల్ నుంచి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్లు పోతే రోడ్డు పక్కనే నాకన్ క్రాగ్ ఉంది. గొడుగు కాదు, రెయిన్‌కోటు తెచ్చుకోండి, గాలికి గొడుగు నిలవదు. కాలిబాట మీద కొంచెం ఎక్కితే పచ్చిక మధ్య పాలిపోయిన సున్నపురాయి, దాని మీద నల్లటి షిస్ట్, రెండిటి మధ్యా కత్తితో గీసినట్టు ఒక గీత. ఆ గీత మీద వేలు పెట్టొచ్చు, ఎవరూ ఏమీ అనరు. మీ వేలికి పైనున్న రాయి వయసు, కింద ఉన్నదానికి దాదాపు రెట్టింపు.